ముప్ఫై ఎనిమిది తాటిచెట్ల నీడ

2023 నవంబరు 6, సోమవారం, సాయంత్రం నాలుగూ ఇరవైకి ఆ అమ్మాయి మా తలుపు కొట్టింది. టీ పొయ్యి మీద పెట్టి అప్పుడే గడియారం చూసుకున్నాను, అందుకే సమయం ఇంత కచ్చితంగా చెప్పగలుగుతున్నాను. తలుపు తీసి మాటల్లో పడేసరికి ఆ టీ పొంగిపోయింది.

నేను యూనివర్సిటీలో భూగోళ శాస్త్రం వాళ్ళ మ్యాపుల గదిలో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేశాను. 1978లో చేరి 2012లో దిగిపోయాను. లెక్చరర్ని కాదు. పటాలు గీయడం, కొలిచే సామాను చూసుకోవడం, పిల్లల్ని బయటికి తీసుకెళ్ళి కొలతలు నేర్పించడం నా పని. అయినా పిల్లలంతా మేడమ్ అనే పిలిచేవారు. ఈ అమ్మాయి మా దగ్గర 2010లో చదువు ముగించింది. ఇప్పుడు లాలాపేట్‌లో ఉంటూ ఒక సోలార్ కంపెనీలో, పలకలు ఎక్కడెక్కడ ఏ వరసలో నిలబెట్టాలో గీసే పని చేస్తోంది. చంకలో గుండ్రంగా చుట్టిన పటం ఒకటి పట్టుకుని వచ్చింది.

దాన్ని మా భోజనాల బల్ల మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు గ్లాసులు పెట్టాం. జనగామ దాటాక ఒక ఊరి పక్కన రెండు వందల పది ఎకరాలు. రైతులు కంపెనీకి లీజుకిచ్చారు. అంతా కంది, ఆముదం పండే ఎర్రనేల. దక్షిణం అంచున గట్టు మీద వరసగా ముప్ఫై ఎనిమిది చుక్కలున్నాయి. అవి తాటిచెట్లు. ఆ చుక్కలన్నిటి మీదుగా ఒక ఎర్ర గీత కొట్టి, పక్కన తొలగించాలని రాసి ఉంది.

భూమి రైతులదే అయినా ఆ చెట్లెక్కి కల్లు గీసే హక్కు ఒకాయనది. యాభై దాటిన మనిషి. ఆయనకు వేరే పని లేదు, వేరే చెట్లూ లేవు. పని మొదలైనప్పటి నుంచి రోజూ పొద్దున్నే చెట్లు దిగి వచ్చి, సైటు గేటు దగ్గర రాయి మీద కూర్చుంటున్నాడట. ఎవరితోనూ గొడవ పడడు. ఈ అమ్మాయి కనపడితే మాత్రం, నా తాళ్ల సంగతి ఏమైంది బిడ్డా, అని అడుగుతాడు, తాటిచెట్లను వాళ్ళు తాళ్లంటారు. చలికాలంలో సూర్యుడు దక్షిణాన కిందుగా పోతాడు కనక చెట్ల నీడ ఉత్తరానికి పడుతుంది. అక్కడే మొదటి వరస పలకలు. పలకల మీద నీడ పడితే కరెంటు పడిపోతుంది. అందుకని మొత్తం కొట్టేయమన్నారు. ఏ చెట్టు నీడ రాదో కాగితం మీద చూపిస్తే ఆ చెట్టు జోలికి పోమని మేనేజరు మాటిచ్చాడట. గడువు డిసెంబరు నెలాఖరు.

"కంప్యూటర్ల ఉంటది కద, నన్నెందుకు అడుగుతున్నవని అనకండి మేడమ్," అంది ఆ అమ్మాయి. "సర్వేవాళ్ళు అన్ని చెట్లకు అరవై ఫీట్లని ఒకటే నంబర్ వేసిన్రు. అట్ల పెడితే ఒక్కటి మిగల్దు. మీరు మాకు వాటర్ ట్యాంక్ కొలిపించిన్రు చూడండి, కర్ర నీడతోని. గట్ల ఒక్కొక్క చెట్టు కొలిస్తే?"

పొంగిన టీ తుడుస్తూ మా చెల్లెలు వంటింట్లోంచి అంతా వింటోంది. మేమిద్దరమే ఉంటాం. అది బడిలో పంతులమ్మగా రిటైరైంది, ఇప్పుడు మా చర్చిలో స్త్రీల సమాజానికి కార్యదర్శి. ఆ అమ్మాయి మెట్లు దిగీ దిగకముందే మొదలుపెట్టింది.

"డెబ్బై ఒక్క ఏళ్ళొచ్చాక కల్లుచెట్ల కోసం పొలాలెంట తిరుగుతావా అక్కా? ఆదివారం సమాజంలో ఏమని చెప్పను?"

నీడ కొలవడానికి వెళ్ళిందని చెప్పమన్నాను. అది ఇంకా అన్యాయంగా ఉంటుందంది.

నవంబరు 11, శనివారం పొద్దున, ఆరడుగుల కొలకర్ర పట్టుకుని క్యాంపస్‌కి నడిచాను. అడుగుకొక రంగు చొప్పున ఎరుపూ తెలుపూ వేసిన కర్ర. విభాగంలో పాత సామాను పారేస్తుంటే అడిగి తెచ్చుకున్నది. చేతిలో పని పెట్టుకోక పదకొండేళ్ళయింది, చెయ్యి తప్పుతుందేమోనని భయం. ఆ పద్ధతి చిన్నదే. కర్రను నిటారుగా నిలబెట్టి దాని నీడ కొలవాలి. అదే నిమిషంలో చెట్టు నీడా కొలవాలి. కర్ర నీడ కర్రకు ఎన్ని రెట్లుందో, చెట్టు నీడ చెట్టుకు అన్ని రెట్లుంటుంది. నేల వాలుగా ఉంటే ఆ వాలు తీసేయాలి. గడియారంలో తొమ్మిదికీ సూర్యుడి తొమ్మిదికీ మధ్య కొన్ని నిమిషాలు తేడా ఉంటుంది, అదీ చూసుకోవాలి.

పొద్దున్నే నడవడానికొచ్చేవాళ్ళు నలుగురైదుగురు చుట్టూ చేరారు. వాచ్‌మన్ సైకిలు దిగి, కర్రనీ నా చేతిలో టేపునీ చూసి మొహం చిన్నది చేసుకున్నాడు.

"ఏంది మేడమ్, గీ యూనివర్సిటీ జాగ గూడ ఎవరికన్న ఇస్తున్నరా?"

కాదు, ఊరికే నీడ కొలుస్తున్నానంటే ఎవరూ నమ్మలేదు. నడక మానేసి ఒక పెద్దమనిషి, నేను పాతిన కర్ర పక్కనే, ఎనిమిదిన్నర దాకా కాపలా ఉన్నాడు. ఎత్తు ముందే తెలిసిన దీపస్తంభం మీద పరీక్ష చేశాను. ముప్ఫై అడుగులు. నాకు ఇరవై తొమ్మిది అడుగుల పది అంగుళాలు వచ్చింది. చెయ్యి తప్పలేదు.

నవంబరు 18, శనివారం, ఐదూ నలభైకి తార్నాకలో కంపెనీ బండి ఎక్కి, ఏడూ యాభైకి సైటులో దిగాం. మొదటి చెట్టు కింద ఆ కల్లు గీసే ఆయన నిలబడి ఉన్నాడు. నడుముకు చెట్టెక్కే మోకు, భుజాన కల్లు పట్టే లొట్టి. ఆ అమ్మాయి, మా మేడమ్ కాకా, అని చెప్పింది. ఆయన నన్ను చూశాడు, నా కర్రను చూశాడు. దీన్తోటి ఎక్కుతరా, అని అడిగాడు. ఎక్కను, కింది నుంచే కొలుస్తానన్నాను. లొట్టి దించి, టేపు చివర తనే పట్టుకున్నాడు.

ముప్ఫై ఎనిమిదీ కొలవడానికి రెండు శనివారాలు పట్టింది. నేను చెట్టు మీద సుద్దతో అంకె వేస్తే ఆయన నవ్వుకునేవాడు, ఎందుకంటే ఆయనకు వాటన్నిటికీ పేర్లున్నాయి. పదకొండోది కుంటిది. ఇరవై మూడోది దొంగది, ఎంత గీసినా లొట్టి అడుగు తడిసేంతే ఇస్తుంది. తొమ్మిదోది పెద్దవ్వ. అన్నిటికన్నా ఎత్తుది అదే, అరవై ఆరు అడుగులు. నేను అంకె చెప్పే ముందు ఆయన చెట్టు కేసి చూసి, మూరల్లో తన అంచనా చెప్పేవాడు. రెండడుగులకు మించి ఎప్పుడూ తప్పలేదు. రెండో శనివారం మధ్యాహ్నం తాటాకులో చుట్టి కాల్చిన గేగులు ఇచ్చాడు. ఇంటికి తెచ్చి విప్పితే మా చెల్లెలు చిన్నపిల్లలా కింద కూర్చుని ఒలుచుకుంది. గుంటూరు వైపు మేం తేగలనేవాళ్ళం. ఇవి తిన్నందుకు సమాజంలో ఏమని చెబుతావని అడిగితే, ఇవి కల్లు కాదుగా అంది.

లెక్క వారం రోజులు చేశాను. సంవత్సరం మొత్తం మీద పొట్టి రోజున, కంపెనీ నీడ చూసే వేళకు రెండు కొసలైన పొద్దున తొమ్మిదికీ మధ్యాహ్నం మూడుకీ, చెట్టు ఎత్తు అడుగుకు నీడ ఉత్తరానికి పధ్నాలుగు అంగుళాల లోపు పడుతుంది. నేను జాగ్రత్తకు పధ్నాలుగే తీసుకున్నాను. కంపెనీ పటంలో చెట్లకూ మొదటి వరసకూ మధ్య నలభై అడుగులుంది. ఆ దూరానికి పధ్నాలుగు చెట్లే మిగులుతాయి. మొదటి వరసను ఇంకో ఇరవై అడుగులు ఉత్తరానికి జరిపితే, యాభై ఒక్క అడుగుల చెట్టు దాకా, అంటే ముప్ఫై మూడు చెట్లు ఉండిపోతాయి. ఐదు మాత్రం ఎంత జరిపినా కుదరనంత ఎత్తువి. ఇరవై అడుగులు ఉత్తరపు అంచున ఖాళీగానే ఉందని, పలక ఒక్కటి కూడా తగ్గించనక్కర్లేదని ఆ అమ్మాయి చూసుకుంది. మేనేజరు కాగితం తీసుకుని, పొట్టి రోజున నేల మీద చూపించండి, అప్పుడు సంతకం పెడతానన్నాడు. సరైన మాటే. నేనున్నా అదే అడిగేదాన్ని.

డిసెంబరు 22, శుక్రవారం. అరవై అడుగుల దగ్గర, గట్టుకు సమాంతరంగా, సున్నంతో గీత గీయించాం. అక్కడ సూర్యుడి తొమ్మిదంటే గడియారంలో తొమ్మిదీ పన్నెండు. సరిగ్గా తొమ్మిదీ పన్నెండుకి ఆ చివర నుంచి ఈ చివర దాకా నడిచాను. ముప్ఫై మూడు నీడలూ గీతకు ఇవతలే ఆగాయి. నా పట్టికకూ నేలకూ అరడుగు మించి ఎక్కడా తేడా లేదు. ఆ అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. చాలా కాలం తర్వాత నాకు నా పని మీద సంతోషం కలిగింది, దాచుకోవడం ఎందుకు.

ఆయన మాత్రం గట్టు మీద కూర్చుని, బీడీ ముట్టించుకుని, సున్నం గీతనే చూస్తున్నాడు.

"అమ్మా, గీ అద్దాలు ఎన్నేండ్లుంటయి?"

"ఇర్వై అయిదేండ్లు కాకా," అంది ఆ అమ్మాయి.

"మరి నా తాళ్లు గన్నేండ్లు గిట్లనే నిలబడతయా? పెర్గవా?"

ముప్ఫై నాలుగేళ్ళలో నేను నీళ్ళ ట్యాంకులు కొలిచాను, గుట్టలు కొలిచాను, భవనాలు, వంతెనలు, బావులు కొలిచాను. నా కొలతల్లో పెరిగే వస్తువు ఒక్కటీ లేదు. చెట్టును కూడా స్తంభంలాగే కొలిచి పట్టిక వేశాను. ఎవరూ తప్పు పట్టలేదు, ఎందుకంటే చూసినవాళ్ళంతా నాలాంటి వాళ్ళే.

ఏడాదికి ఎంత పెరుగుతుందని అడిగాను. ఆయన బీడీ ఆర్పి, ఆరో చెట్టు దగ్గరికి తీసుకెళ్ళాడు. 1992లో ఆయన పెళ్ళైన ఏడు, మట్టలు మొదలయ్యే చోట కత్తితో గాటు పెట్టాడట. తాటిచెట్టు పైనే పెరుగుతుంది గానీ కింది మాను సాగదు. ఆ గాటు ఇప్పటికీ అక్కడే ఉంది, మట్టలు మాత్రం చాలా పైకి పోయాయి. టేపు కొస నడుముకు కట్టుకుని ఎక్కాడు. గాటు నుంచి మట్టల దాకా ఇరవై రెండు అడుగులు. ముప్ఫై ఒక్క ఏళ్ళు. ఏడాదికి ఎనిమిదిన్నర అంగుళాలు. అలాంటి గాటే ఉన్న ఇంకో చెట్టు చూస్తే ఎనిమిది వచ్చింది. పెద్ద అంకే తీసుకున్నాను. ఇరవై ఐదేళ్ళకు పదిహేడు అడుగుల ఎనిమిదిన్నర అంగుళాలు.

అక్కడే గట్టు మీద కూర్చుని మళ్ళీ లెక్క చేశాను. ముప్ఫై మూడు కాస్తా పధ్నాలుగైంది.

ఆ కాగితం ఆయనకు చూపించడానికి మనసు రాలేదు. ఈ సంగతి మీరెందుకు చెప్పారు, మీరు ఊరుకుంటే మాకెవరికీ తెలిసేది కాదు, అన్నాను. ఆయన నింపాదిగానే చెప్పాడు.

"ఇప్పుడు చెప్పకుంటె ఏమైతదమ్మా? అయిదారేండ్లకు నీడ అద్దాల మీదికొస్తది. అప్పుడు నువ్వు రావు. ఈ బిడ్డ గీడ ఉంటదో ఉండదో. ఎవడో మిషిను పట్టుకొచ్చి ఒక్క పూటల అన్నిటిని పడగొడ్తడు, అడగనీకె మనిషుండడు. నా తర్వాత నా అల్లుడు ఎక్కాలె. గిప్పుడైతే మీరున్నరు, మాట్లాడుకుంటం."

తిరుగు దారిలో ఆ అమ్మాయి బండిలో పటం ఒళ్ళో పరుచుకుంది. ఇంకో ఇరవై రెండు అడుగులు కావాలి, ఎనభై రెండు అడుగుల దగ్గర మొదటి వరస మొదలవ్వాలి. ఉత్తరాన ఇక ఖాళీ లేదు. పటంలో అక్కడ కట్టబోయే గోదాము, కంట్రోల్ రూము, పలకలు కడిగే నీళ్ళ ట్యాంకులు, లోపలి రోడ్డు ఉన్నాయి. వరసలు తగ్గించమంటే మేనేజరు ఒప్పుకోడు.

మర్నాడు 23, శనివారం. క్రిస్మస్‌కి చుట్టాలొస్తారని మా చెల్లెలు పరుపులూ బొంతలూ డాబా మీద ఎండలో వేస్తోంది. నేను పిట్టగోడకు ఆనుకుని, మౌలాలి గుట్ట కేసి చూస్తూ, కాగితం మడతలు విప్పుతూ ముడుస్తూ నిలబడ్డాను. డాబా మీద ఎండ పడే చోటంతా మా కింది వాటా వాళ్ళ ఖాళీ డ్రమ్ములున్నాయి. అది విసుక్కుంటూ ఒక్కో డ్రమ్మునీ నీళ్ళ ట్యాంకు నీడలోకి దొర్లించింది.

"ఎండ అక్కర్లేని వాటిని ఎండలో పెట్టి, పరుపుల్ని నీడలో వేయమంటారు వీళ్ళు," అంది. "అలా బొమ్మలా నిలబడకపోతే ఓ చెయ్యి వెయ్యరాదూ?"

నేను చెయ్యి వేయలేదు. కిందికి దిగి ఆ అమ్మాయికి ఫోను చేశాను. పదీ నలభై ఐదు. గోదాముకు ఎండ ఎందుకు, రోడ్డుకు ఎండ ఎందుకు, అని అడిగాను.  అవతల కాగితాలు గబగబా తిరగేస్తున్న చప్పుడు. పండగ పూట కూడా మా బల్ల మీద ఆ పటమే పరిచి ఉంది. గోదాము, కంట్రోల్ రూము, ట్యాంకులు, రోడ్డు అన్నీ చెట్ల వైపుకు తెచ్చాం. పలకలన్నీ ఉత్తరానికి జరిగాయి. పలకల సంఖ్య మారలేదు. కేబుల్ కాస్త పెరిగింది, అంతే. చుట్టాలకు నూనెలో వేయించిన రోజ్ కుకీలు పెట్టడానికి చోటు లేక మా చెల్లెలు పళ్ళెం పటం మీదే పెట్టింది. ఇప్పటికీ ఆ కాపీ మీద కంట్రోల్ రూము దగ్గర నూనె మరక ఉంది.

ఆ అమ్మాయి అదంతా సొంత ఆలోచనగా మేనేజరుకు చూపించుకుంది. అలాగే చూపించమని నేనే చెప్పాను, ఎందుకంటే అక్కడ ఉద్యోగం తనది. నా పాత పట్టికలోని తప్పు మాత్రం నా పేరు మీదే రాయించాను. జనవరి 4, గురువారం సాయంత్రం ఆరూ పదికి ఫోను చేసి, సంతకమైంది మేడమ్, అంది. అయితే రోడ్డు మలుపు తిరిగే చోట ఇంకొక చెట్టు పోవాలి. పదిహేడోదో పద్దెనిమిదోదో ఆయన్నే చెప్పమన్నారు. ఆయన రెండిటి మధ్యా నిలబడి పద్దెనిమిదో దాని మీద చెయ్యి వేశాడట. కారణం ఎవరూ అడగలేదు.

2024 ఫిబ్రవరి 10న చెట్లు కొట్టారు. నేను వెళ్ళాను. వెళ్ళకపోతే బావుండదనిపించింది. ఆయన పొద్దున్నే ఆరు చెట్లూ వరసగా ఎక్కి, లొట్లు దించుకున్నాడు. పెద్దవ్వ మీద మిగతా వాటికన్నా ఎక్కువసేపున్నాడు. దిగొచ్చి, మోకు విప్పి, మిషిను వాళ్ళకు కానీయమన్నట్టు తల ఊపాడు. ఒక్కో చెట్టుకు పదకొండు, పన్నెండు నిమిషాలు పట్టింది. అంతా అయ్యాక మిగిలిన వరస చూపించి, సక్కగ ఉన్నది కద, అన్నాడు. ఉంది, చక్కగానే ఉంది. తర్వాత నాకో లొట్టి చూపించి, కొంచెం రుచి చూడమన్నాడు. మా చెల్లెలు సమాజంలో కార్యదర్శి అని చెప్పాను. ఆయన చాలాసేపు నవ్వాడు.

ఇప్పుడు అక్కడ కరెంటు తయారవుతోంది. నేను ఏటా పొట్టి రోజుకు వెళ్తున్నాను. 2025 డిసెంబరు 22న, సోమవారం, మూడోసారి వెళ్ళాను. రెండేళ్ళకు పదిహేడు అంగుళాలు పెరగాలి. పెట్టుకున్న కొత్త గాట్ల మీద కొలిస్తే సగటున పదహారు వచ్చింది. తొమ్మిదీ పన్నెండుకు ఎత్తైన చెట్టు నీడ గోదాము కప్పు దాటి, రోడ్డు మీద పడుకుంది. దాని కొసకూ మొదటి పలకకూ మధ్య ఇంకా ఇరవై అడుగులుంది. ఆయన అల్లుడు పన్నెండో చెట్టు మీదున్నాడు. ఆయన కింద నిలబడి, ఆడ కాదురా, పైన, పైన, అని కేకలేస్తున్నాడు.

పోయినవి రాసి పెడుతున్నాను. తాటిచెట్లు ఆరు. వాటి ఎత్తులు నలభై మూడు, యాభై ఐదు, యాభై ఎనిమిది, యాభై తొమ్మిది, అరవై రెండు, అరవై ఆరు. మొత్తం మూడు వందల నలభై మూడు అడుగులు. వాటిలో మగవి నాలుగు, ఆడవి రెండు. గిజిగాడి గూళ్ళు పదకొండు, అన్నీ ఖాళీవి. రెండు వందల పది ఎకరాల కంది, ఆముదం. ఆయన రోజూ ఎక్కే చెట్లలో ఆరో వంతుకు కొంచెం తక్కువ.